వెనక చక్రానికి పెట్టిన బొట్టు

నేను ఒక స్పేసర్‌ను. పేరు విని పెద్ద యంత్రమనుకోకండి. అంగుళం మందం కూడా లేని అల్యూమినియం బిళ్ళను. కారు చక్రానికీ, దాన్ని మోసే హబ్‌కీ మధ్య నన్ను ఇరికిస్తారు. నా మందం మేర చక్రం బయటికి జరిగి, బండి కాళ్ళు ఎడంగా పెట్టుకున్న పహిల్వానులా కనిపిస్తుంది. ఆ కాస్త సోకు కోసం మనుషులు ప్రాణాలు తెచ్చి నాకు అప్పగిస్తారు.

గాజువాక ఆటోనగర్‌లో, నూకరాజు లేత్ మిషన్ మీద పుట్టాను. మాది నలుగురి కాన్పు. మమ్మల్ని చేయించుకున్నది భానోజీ, పాత కారుకు కొత్తగా వెడల్పు చక్రాలు కొన్నవాడు. నూకరాజు పొడుగు బోల్టులు వేశాడు. మా నడిమి కన్నం హబ్ మీద వదులు లేకుండా కూర్చునేలా కోశాడు. మూడు హబ్‌ల మీద తుప్పు ఇనప బ్రష్‌తో గీకాడు. ఇక మిగిలింది ఎడమ వెనక చక్రం. అది నా చోటు.

"బేగి బిగించీ అన్నా. పూజకి ముహూర్తం దాటిపోతాది," అన్నాడు భానోజీ.

"దీనికి తుప్పు ఉండిపోనాది బాబూ. సర్లెండి, యాభై కిలోమీటర్లు తిరిగాక తెండి, గీకి మళ్ళీ బిగిస్తాను. మర్సిపోకండి."

భానోజీ తల ఊపాడు. తల ఊపితే మాట ఇచ్చినట్టేనని అప్పట్లో నేను నమ్మాను.

తుప్పు మీద నన్ను అదిమి బిగించినప్పుడే భయం పట్టుకుంది. ఆ పొర నలిగి పొడి అయితే అంత మేర బిగువు పోతుంది. చెబుదామంటే నాకు నోరు లేదు. ఇంటి దగ్గర భానోజీ భార్య సుభాషిణి, ప్రతి నట్టు మీదా దాని పక్క చక్రం మీదా పడేలా పసుపు మెత్తి, కుంకుమ బొట్టు పెట్టింది. మర్నాడే భార్యనూ నాలుగేళ్ళ కూతుర్నీ ఎక్కించుకుని అరకు బయలుదేరాడు భానోజీ. బండి ఆటోనగర్ వైపు తిరగనే లేదు.

ఘాట్ రోడ్డు ఎక్కేసరికి తుప్పు నలిగింది. నట్లు పట్టు వదిలాయి. మలుపు తిరిగినప్పుడల్లా చక్రం నా మీద నుంచి వెంట్రుకవాసి లేచి మళ్ళీ పడుతోంది. బోల్టులు నా కన్నాల అంచులు కొరుకుతున్నాయి. చీకట్లో ఇరుక్కున్న నాకు ఏమీ కనిపించదు. కింద లోయలో మేకలున్నాయని పాప లెక్కపెడుతోంది. ఆ లెక్క వింటూ నేను మలుపులు లెక్కపెట్టాను.

"ఏటండీ, వెనకాల టకటకమంటోంది," అంది సుభాషిణి.

"కొండ రోడ్డు కదేటి, అలాగే ఉంటాది," అని భానోజీ పాట సౌండు పెంచాడు.

ఇంకెన్ని మలుపులు ఆగగలనో నాకే తెలియదు. ఇంతలో పాపకు కడుపులో తిప్పి, బండి ఆపాల్సి వచ్చింది. వెనక చక్రం పక్కన పాపకు మొహం కడుగుతూ సుభాషిణి ఆగిపోయింది.

"ఇలా రండి. నేనెట్టిన బొట్టు సూడండి. సగం నట్టు మీదుంది, సగం చక్రం మీదుంది. రెండు సగాలూ ఎడమైపోనాయి."

"ఎవరి చెయ్యో తగిలుంటాది."

"చెయ్యి తగిల్తే చెరిగిపోతాది గానీ ఇలా ఇరిగిపోదు కదండీ. నాకు బయమేస్తంది. ఆ నట్టు ఓసారి ముట్టుకోండి."

భానోజీ రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. నట్టు తిరిగింది. పక్కదీ తిరిగింది. ఆయన రోడ్డు మీదే కూలబడి పాపను ఒళ్ళోకి లాక్కున్నాడు. నూకరాజుకు ఫోన్ చేసి, అతను వచ్చేదాకా బండి కదపలేదు.

నా కన్నాలు కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయాయి. నా చోట, శుభ్రంగా గీకిన హబ్ మీద, ఇంకో బిళ్ళ కూర్చుంది. యాభై కిలోమీటర్లకు భానోజీ తనే వచ్చి బిగింపించుకున్నాడు. సుభాషిణి మళ్ళీ బొట్లు పెట్టింది.

నేనిప్పుడు నూకరాజు షాపులో మేకుకు వేలాడుతున్నాను. స్పేసర్లు కావాలని వచ్చినవాళ్ళ చేతిలో నన్ను పెట్టి, ఆ కన్నంలో వేలు పెట్టి చూడమంటాడు. చాలామంది తొందరపెట్టకుండా కుర్చీలో కూర్చుంటారు, పని పూర్తయ్యేదాకా.

మొన్న వచ్చినాయన నన్ను చూసి నవ్వాడు. "యాభై కిలోమీటర్లకి తెండి, మళ్ళీ బిగిస్తాను," అని నూకరాజు రెండుసార్లు చెప్పాడు. ఆయన తల ఊపాడు. వెనక సీట్లో ఎవరో పిల్ల అంకెలు లెక్కపెడుతోంది. ఆ బండి ఇంకా తిరిగి రాలేదు.