నిలబడనివ్వని ఊరు

మా ఊళ్ళో మనిషి వీధిలో ఊరికే నిలబడలేడు. కాసేపు ఆగాడంటే ఏదో ఒక అరుగు మీంచి "ఆయ్, ఎండలో నిలబడిపోయేరేంటండీ, రండి రండి" అని పిలుపొస్తుంది. వెనకే కుర్చీ వస్తుంది. కుర్చీ వెనక కాఫీయో, కొబ్బరిబొండమో. కాదంటే వాళ్ళు నొచ్చుకుంటారని ఎవరూ కాదనరు. ఆ మర్యాదే మా ఆయన కాలు తీసేస్తుందని నాకు భయం పట్టుకుంది.

మా ఆయనకి నాలుగడుగులు గట్టిగా వేస్తే పిక్క పట్టేసేది. ఆగితే తగ్గేది. నడిస్తే మళ్ళీ మొదలు. కాలి బొటనవేలు చల్లబడి నల్లగా కమిలినట్టు కనిపించేసరికి బలవంతాన అమలాపురం లాక్కెళ్ళాను. డాక్టరు వాణిగారు చేతికీ, చీలమండకీ బీపీ పట్టీ కట్టి చూసేరు.

"కాళ్ళకి రక్తం తీసుకెళ్ళే నాళాలు పూడుకుపోయాయండీ. మీ చేలకి వచ్చే కాలవ పూడిపోతే ఏం చేస్తారు?"

"పక్కన చిన్న బోదెలు తవ్వి నీళ్ళు మళ్ళించుకుంటామండీ," అన్నారు మా ఆయన.

"ఒంట్లో ఆ బోదెలు తవ్వేది నడకేనండీ. నొప్పి గట్టిగా వచ్చేదాకా నడవండి, అప్పుడు నిలబడండి, తగ్గగానే మళ్ళీ నడవండి. రోజూ. మాత్రలు మానకండి. చుట్ట మాత్రం ఈపూటతో మానెయ్యాలి. అది కాలిస్తే తవ్వింది మీరే పూడ్చుకున్నట్టు."

"మానకపోతేనండీ?" అన్నాను నేను.

ఆవిడ మా ఆయన వేలు వంక చూసి, "పుండు పడి మానకపోతే కాలు తియ్యాల్సిన పరిస్థితి కూడా వస్తుందండీ," అన్నారు మెల్లగా.

నేను రేవులో పడవెక్కించి చెయ్యూపినవాళ్ళు, మా అమ్మతో సహా, చాలామంది మళ్ళీ రాలేదు. అప్పట్నుంచి ఇంట్లోంచి ఎవరు బయలుదేరినా నాకు దడే. మా ఆయన నడకకి వెళ్తుంటే మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడేదాన్ని. ఆయనేమో చాలాసేపటికి, ఎంతో హుషారుగా తిరిగొచ్చేవారు. టిఫిను వద్దనేవారు. నోట్లో లవంగం వాసన.

అనుమానం వచ్చి ఓ పొద్దున్న వెనకాలే వెళ్ళాను. అప్పారావుగారి ఇంటి ముందు పిక్క పట్టేసింది కాబోలు, ఆయన కొబ్బరిచెట్టు పట్టుకుని ఆగేరు. అంతే. అప్పారావుగారు చెయ్యి పట్టుకుని అరుగెక్కించేశారు. నేను చేరేసరికి ఒక చేతిలో పెసరట్టు, రెండో చేతిలో లంక చుట్ట!

"నొప్పొస్తే ఆగమంది కదే డాక్టరమ్మ, ఆగేను," అన్నారు మా ఆయన.

"నిలబడమంది. పెసరట్టు తినమన్లేదు."

"అదికాదక్కయ్యగారూ," అప్పారావుగారు మధ్యలో వచ్చేరు, "ఇంటి ముందు పెద్దమనిషి నిలబడుంటే మమ్మల్ని కూర్చుని చూడమంటారేంటండీ? మా పరువేం కావాలి?"

సరేనని ఊరందరికీ జబ్బు సంగతి చెప్పాను. అదింకా కొంప ముంచింది. "పాపం కాలు నొప్పంట, నిలబెట్టకండర్రా" అని మూడిళ్ళవాళ్ళు పోటీలు పడి కూర్చోబెట్టడం మొదలుపెట్టేరు.

ఇక తెగించాను. పక్కింటి అప్పాయమ్మ చెవిలో ఏ మాట వేసినా సాయంత్రానికి ఊరి చివర కాలవ లాకుల దాకా పాకుతుంది. దాన్ని పిలిచి చెప్పాను: "మీ మావయ్యగారు వాడపల్లి వెంకన్నకి మొక్కుకున్నారే. కార్తీకం దాటేదాకా ఎవరి అరుగూ ఎక్కరు, ఎవరి చేతిదీ ముట్టరు, పొగ తాగరు. నేను చెప్పానని ఎవరికీ చెప్పకు."

అది వెళ్ళగానే వాడపల్లి వైపు తిరిగి లెంపలు వేసుకున్నాను.

మర్నాడు మా ఆయన అప్పారావుగారి ఇంటి ముందు ఆగి, పిలుపు కోసం చూశారట. అప్పారావుగారు లేచి రెండు చేతులూ జోడించారట.

"స్వామీ! తెలియక చుట్ట ఇచ్చేను, తప్పు కాయండి!"

"స్వామేంటయ్యా? ఆ కుర్చీ ఇలా పడెయ్యి, పిక్క లాగేస్తోంది."

"నన్ను పరీక్షించకండి స్వామీ!"

సెంటర్లో కొట్టువాడు చుట్టలు అమ్మనన్నాడు. మా ఆయన మండిపడుతూ ఇంటికొచ్చేరు.

"ఎవరే ఈ పుకారు పుట్టించింది?"

"ఏ పుకారండీ?" అన్నాను, బెండకాయలు తరుగుతూ.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. కానీ మొక్కు లేదని చెప్పుకోడానికి ఆయనకీ ధైర్యం చాల్లేదు. చుట్ట లేక వారం రోజులు ఇంట్లో గిన్నెల మీదా, పిల్లి మీదా విసుక్కున్నారు. గొణుక్కుంటూనే నడిచేవారు. నొప్పొస్తే నిలబడేవారు. అందరూ దణ్ణం పెట్టి ఊరుకునేవారు. అప్పాయమ్మయితే ఆయన ఆగేచోట పొద్దున్నే ముగ్గేసేది.

కొన్నాళ్ళకి అది మొహం మాడ్చుకుని వచ్చింది. "మావయ్యగారు మా గుమ్మం ముందు ఆగటం లేదండీ. తిన్నగా వెళ్ళిపోతున్నారు. మేమేం తప్పు చేసేమండీ?"

నొప్పి రాకపోతే ఆగరే అని ఎలా చెప్పను? మా ఆయనే మొహమాటపడి, మర్నాడు నొప్పి లేకపోయినా దాని ముగ్గు దగ్గర కాసేపు నిలబడి వెళ్ళేరు. కార్తీకం వచ్చేసరికి లాకుల దాకా ఆగకుండా వెళ్తున్నారు.

మళ్ళీ అమలాపురం వెళ్తే వాణిగారు వేలు నొక్కి చూశారు. నలుపు విరిగింది. "పూడిక ఉన్నచోటే ఉందండీ. అయినా నడక బాగా పెరిగింది, పుండు పడలేదు. ఆపరేషను మాట ఇప్పుడు వద్దు. నడక మానేసి చుట్ట పట్టేరంటే మాత్రం మళ్ళీ మొదటికే."

ఆ చివరి మాటతో నాకు నిద్ర కరువైంది. మొక్కు తీరిపోతే? అప్పారావుగారు అప్పటికే చుట్టలకట్ట దాచి ఉంచారని అప్పాయమ్మ చెప్పింది.

కార్తీకం దాటాక మొదటి శనివారం, ఆటో కట్టించుకుని అప్పారావుగారూ, అప్పాయమ్మతో సహా అందరం వాడపల్లి వెళ్ళాం. మా ఆయన గుడి చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టేరు. ఆ జనంలో ఆయన మాయమైనప్పుడల్లా నా గుండె ఆగి, మళ్ళీ తెల్లపంచె కనిపిస్తే కొట్టుకునేది. ఎక్కడా ఆగలేదాయన. బయటికి రాగానే అప్పారావుగారు జేబులో చెయ్యి పెట్టేరు.

"బావగారూ, మొక్కు తీరిందిగా. ఒక్కటి!"

నేను కళ్ళు మూసుకున్నాను.

"ఉంచు అప్పారావూ. స్వామి ముందు ఇంకో మొక్కు మొక్కేను," అన్నారు మా ఆయన అందరికీ వినపడేలా. "ఈ జన్మకి చుట్ట ముట్టను. రోజూ లాకుల దాకా నడుస్తాను. మా ఆవిడా నాతోపాటు నడుస్తుంది. దారిలో ఎవరి అరుగూ ఎక్కదు, ఎవరితోనూ కబుర్లాడదు."

అప్పాయమ్మ చటుక్కున వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. నాకు ఏ మొక్కూ లేదు మొర్రో అన్నా ఒక్కళ్ళూ వినలేదు. అప్పారావుగారు కూడా నాకు చేతులు జోడించారు.

ఈలోగా ఆయన ఆటో మాట మరిచిపోయి రోడ్డెక్కేశారు. చెప్పులు చేత పట్టుకుని వెనకాల పరిగెత్తాను.

"ఏవండీ! కాస్త ఆగండీ!"

"నొప్పొస్తే కదే ఆగేది!" అన్నారు, వెనక్కి చూడకుండానే.