నలభయ్యో రోజు

రేకులు నొక్కే ప్రెస్సు దానంతటదే జారిపడింది. తమ్ముడి రెండు చేతులూ మణికట్ల దాకా నలిగిపోయాయి. "ఆపు!" అని పక్క యంత్రం మీదున్న అక్క కేక పెట్టగానే షెడ్డులోని ముప్పై యంత్రాలూ ఆగాయి. అక్కడి పద్ధతే అంత. కేక ఎవరు వేసినా, ఎందుకని అడక్కుండా అందరూ మీట మీద నుంచి చేయి తీసేస్తారు. ప్రెస్సు జారుతోందని తమ్ముడు వారం నుంచి మొత్తుకుంటూనే ఉన్నాడు. తనిఖీకి ఎవరూ రాలేదు. ఆసుపత్రికి చేరేలోపే ఒంట్లో నెత్తురంతా పోయి చచ్చిపోయాడు.

"తనిఖీలు ఇక లేవమ్మా," అన్నాడు మేనేజరు, చొక్కా మీద పడ్డ నెత్తురు తుడుచుకుంటూ. "మంత్రిగారి ఉత్తర్వు అమల్లోకొచ్చేసింది. యంత్రం బాగుందని యజమాని రాసిస్తే చాలు."

గేటు ముందు మీటింగులో యూనియన్ పెద్దాయన ఆ ఉత్తర్వు చదివాడు. పేరు వింటే ముద్దొస్తుంది: నియంత్రణల భారం తగ్గింపు.

"ఎవడి భారం తగ్గింది? మా తమ్ముడి చేతులా?" అంది అక్క.

"అమల్లోకొచ్చినా ఇది చట్టసభ ముందు నలభై రోజులుంటుందమ్మా. ఈలోగా సభ్యుల్లో ఒక్కడు కాదన్నా ఓటింగు పెట్టాలి. ఎవడూ నోరెత్తకపోతే ఖాయం. ఇంకా మూడు రోజులున్నాయి."

ఆ పేట నుంచి గెలిచిన సభ్యుడి ఇంటిమీదికి అందరూ పోయారు. "ఇలాంటివి వందలొస్తాయి, ఏవని చదవను? సరే, సభలో లేచి కాదంటాలే," అన్నాడాయన.

నలభయ్యో రోజు అక్కా పెద్దాయనా సభ గ్యాలరీలో కూర్చున్నారు. సభాపతి పదిహేడు ఉత్తర్వుల పేర్లు ఒక్క గుక్కలో చదివి, "అభ్యంతరాలున్నాయా?" అన్నాడు. పేట సభ్యుడు ఫోను చూసుకుంటున్నాడు. అక్క లేచి నిలబడింది.

"ఆపు!"

అలవాటుకొద్దీ అరిచేసింది. అక్కడ ఎవరూ ఆగలేదు. సభాపతి తలెత్తకుండానే "ఆమోదం" అన్నాడు. కాపలావాళ్లు ఆమెను జుట్టు పట్టి మెట్ల మీంచి ఈడ్చారు. రెండు పళ్లు రాలాయి. అడ్డమొచ్చిన పెద్దాయనను బూటుకాళ్లతో తన్ని పక్కటెముకలు విరగ్గొట్టారు.

మర్నాడు ఆమెను కోర్టుకు తీసుకెళ్తున్న పోలీసు వ్యాను, లారీలు అడ్డొచ్చి కార్ఖానా గేటు దగ్గర ఆగింది. తమ్ముణ్ణి మింగిన ప్రెస్సు చప్పుడు ఆమెకు విడిగా తెలిసింది. అప్పుడే దానిమీద ఇంకొకణ్ణి కూర్చోబెట్టారు.

అక్క కిటికీ జాలికి మొహం ఆనించి, నెత్తురు నోటితో అరిచింది.

"ఆపు!"

లారీల దగ్గర బరువులెత్తేవాళ్లు ఆ కేక అందుకున్నారు. వాళ్ల నుంచి షెడ్డు గుమ్మంలో వాళ్లు అందుకున్నారు. ప్రెస్సులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పోలీసులు లాఠీలతో లోపలికి దూకారు. తలలు పగిలాయి. మోచేతులు విరిగాయి.

"మీటలు నొక్కండ్రా!" మేనేజరు గొంతు చించుకున్నాడు.

షెడ్డంతా చేతులు పైకెత్తి నిలబడింది. ఒక్క చేయీ కిందికి దిగలేదు.