బంగారు నాలుక ఎదుటి కుర్చీ

ఆఫీసులో అందరూ ఆయనను బంగారు నాలుక అంటారు. మొదట ఎవరో ఎగతాళికే అని ఉంటారు. ఆయన మాత్రం దాన్ని నిజమని పుచ్చుకున్నాడు. కొన్నాళ్లకు అన్నవాళ్లు కూడా ఎగతాళి సంగతి మరిచిపోయారు. నీటి సరఫరా ఆఫీసులో బిల్లుల విభాగంలో కూర్చునే మనిషికి అంతకంటే పెద్ద బిరుదు దొరికే దారి లేదు. అందుకని ఆయన ఆ బిరుదును చొక్కా జేబులో పెన్నులా నలుగురికీ కనబడేలా పెట్టుకుని తిరిగేవాడు.

ఆదివారం వస్తే ఆయనకు భోజన యాత్ర. ఊళ్లో కొత్తగా తలుపు తెరిచిన హోటలు ఏదైనా ఆయన కంట పడకుండా నెల తిరిగేది కాదు. తిన్న దాని గురించి సాయంత్రానికల్లా ఆఫీసువాళ్ల వాట్సాప్ గ్రూపులో రాసేవాడు. "మాంసం మెత్తగా ఉంది గానీ అందులో మనసు లేదు" అని ఒకసారి రాశాడు. మాంసానికి మనసేమిటని ఒక్కరూ అడగలేదు. గ్రూపు నిండా చప్పట్లు కొట్టే బొమ్మలు వచ్చాయి.

ఆ యాత్రకు తోడు వెళ్లేది ఆయన భార్య. ఆమె లేకుండా ఆయన ఏ హోటలు మెట్లూ ఎక్కలేదు. వారం వారం పెళ్లాన్ని బయటికి తీసుకెళ్లి తినిపించే మొగుడు ఎంతమందికి దొరుకుతాడని, ఇంటి మెట్ల దగ్గర ఎదురైన ఆడవాళ్లు ఆమెను చూసి నిట్టూర్చేవారు. ఆమె నవ్వి ఊరుకునేది. నోట్లో నాలుక లేని పిల్ల అని అత్తవారి తరఫు వాళ్లు ఆమెను పెళ్లినాడే మెచ్చుకున్నారు.

ఎదుటి కుర్చీలో కూర్చుంటే గానీ ఆ యాత్ర ఎలాంటిదో తెలియదు. "నీకేం కావాలో నువ్వే చెప్పు, మొహమాటపడకు" అనేవాడు ఆయన, పక్క బల్లవాళ్లకు కూడా వినబడేలా. ఆమె వంటకాల చీటీ అంతా చదివి, ఆలోచించి, తనకు కావలసింది చెప్పేది. ఆయన మరొకటి చెప్పేవాడు. రెండు ప్లేట్లూ వచ్చేవి. ఆమె ఒక ముద్ద తినేది, రెండో ముద్దకు స్పూను ఎత్తేది. సరిగ్గా అప్పుడు ఆయన చెయ్యి బల్ల మీదుగా వచ్చేది.

"అది ఇలా ఇవ్వు."

ప్లేట్లు మారిపోయేవి. ఆమె ముందుకు వచ్చిన దాని మధ్యలో అప్పటికే గొయ్యి ఉండేది. మంచి ముక్కలన్నీ ఏరుకున్న ఆనవాళ్లు ఉండేవి. చేపయితే ముళ్లు ఒక పక్కకు నెట్టి ఉండేవి. ఆమె ఆ గొయ్యి చుట్టూ ఉన్నది తినేది.

ఒకసారి మాత్రం అడిగింది, ఈ పూటకు ఎవరి ప్లేటు వాళ్లం తిందామా అని. భార్యాభర్తలన్నాక నీదీ నాదీ అని ఉంటుందా, నాదంతా నీదే, నీదంతా నాదే అని ఆయన చాలా ప్రేమగా చెప్పాడు. ఆ మాటలో రెండో సగమే ఎప్పుడూ అమల్లో ఉండేది.

ఆమెకు పెద్ద కోరికలు లేవు. తాను అడిగిన ప్లేటు, తన ముందుకు వచ్చిన ప్లేటు, మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా వేడివేడిగా తానే తినాలి. అంతే. బయటికి చెబితే తిండిపోతు అంటారు. ఆ మాట ఆడదానికి. మగవాడికైతే బంగారు నాలుక.

వారం మధ్యలో ఎప్పుడైనా ఆయనకు ఇంటి వంట మీద ప్రేమ పుట్టుకొచ్చేది. బయటి తిండికి నాలుక అలిసిపోయిందని, మనసుకు హాయిగా ఉండేది ఏదైనా తానే చేసుకుంటానని ప్రకటించేవాడు. మామూలుగా అది బంగాళాదుంపల సూప్. దుంపలు ఉడకబెట్టి పొట్టు తీసేది ఆమె. ఉల్లిపాయలు తరిగి కళ్లు తుడుచుకునేది ఆమె. ఉల్లిపాయలు వెన్నలో ఎర్రబడేదాకా కదలకుండా నిలబడేదీ ఆమే. చివర పాలు పోసేటప్పుడు ఆయన లేచి వచ్చి గరిటె అందుకునేవాడు. ఒక గరిటెడు తీసి, ఉఫ్ ఉఫ్ అని ఊది, ముందుగా ఆమె నోటికి అందించేవాడు.

"కన్నతల్లిని, నాకు ఒక్కనాడైనా ఇలా ఊది పెట్టాడా" అనేది అత్తగారు కుర్చీలోంచి. ఆవిడకు మోకాళ్లు పనిచేయవు గానీ కళ్లు బాగా పనిచేస్తాయి.

ఆయన ఆ మాట వినేవాడు కాదు. చూపంతా భార్య మొహం మీదే ఉండేది. తర్వాత తానూ ఒక చుక్క నాలుకకు తగిలించుకుని, కళ్లు మూసుకుని, ఉప్పు రవ్వంత తక్కువైందని తీర్పు చెప్పేవాడు. నిజంగానే తక్కువై ఉండేది. ఎలా అంత కచ్చితంగా చెప్పగలడా అని ఆమె కూడా చాలా కాలం ఆశ్చర్యపోయింది.

ఆమె పనిచేసేది ఒక కుట్టు దుకాణంలో. బొత్తాలు కుట్టడం, అంచులు మడవడం, కొలతకు వచ్చినవాళ్ల పక్కన గుండుసూదులు పట్టుకుని నిలబడటం ఆమె పని. ఒకనాడు ఒక లావుపాటి ఆయన కొత్త కోటు వేసుకుని నిలువుటద్దం ముందు నిలబడ్డాడు. భుజాలు బాగా కుదిరాయి. ఆయన ఒక్కసారి కూడా అద్దంలోకి చూడలేదు. వెంట వచ్చిన తమ్ముడి మొహంలోకే చూస్తున్నాడు. ఏదో ఫోను వస్తే తమ్ముడు మొహం చిట్లించాడు. ఈయన వెంటనే కోటు విప్పేసి, చంకలో బిగుతుగా ఉందన్నాడు.

ఆయన వెళ్లాక దుకాణం యజమానురాలు దారం కొరుకుతూ అన్నది, "అద్దం గోడకు అలంకారమే పిల్లా. జనం చూసుకునేది పక్కవాళ్ల మొహంలోనే."

ఆ మాటతో ఆమె చేతిలో సూది ఆగిపోయింది. గరిటె గుర్తుకొచ్చింది. ఉఫ్ ఉఫ్‌మని ఊదడం గుర్తుకొచ్చింది. బల్ల మీదుగా వచ్చే చెయ్యి, అది ఎప్పుడు వస్తుందో కూడా గుర్తుకొచ్చింది. ఇన్నేళ్లూ ఆయన తన ప్లేటు చూసి చెయ్యి చాపుతున్నాడనుకుంది. ఆయన చూసింది ప్లేటును కాదు.

ఆ మరుసటి ఆదివారమే పరీక్ష పెట్టింది. కాల్చిన కోడి అడిగింది. ఆయన చేప అడిగాడు. కోడి చర్మం కరకరలాడుతూ, లోపల రసం ఊరుతూ, అలాంటిది ఆమె జన్మలో తినలేదు. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, కిరసనాయిలు తాగినట్టు మొహం పెట్టింది. ఆయన చాపబోయిన చెయ్యి నీళ్ల గ్లాసు వైపు తిరిగింది.

"నీకు ఎంచుకోవడం రాదు" అన్నాడు జాలిగా. తన చేపలో మునిగిపోయాడు. ఆ చేప గుడ్డముక్కలా ఉందని, దాన్ని స్పూనుతో కోయడానికి ఆయన పడుతున్న అవస్థ చూస్తేనే తెలుస్తోంది. ఆమె కోడిని ఎముక దాకా తిన్నది, ప్రతి ముద్దకూ దుఃఖం నటిస్తూ. అంత సుఖంగా ఆమె ఎన్నడూ దుఃఖపడలేదు. ఆ సాయంత్రం గ్రూపులో ఆ హోటలు చేపకు కీర్తి, కోడికి అపకీర్తి దక్కాయి. ఆఫీసువాళ్లు పిల్లాపాపలతో వెళ్లి ఆ గుడ్డముక్కను నమిలి వచ్చారు. దవడలు నొప్పిపుట్టినా, లోపం తమ నోళ్లలోనే ఉందనుకున్నారు. గొర్రెల మందకు గడ్డి రుచి కూడా ముందు నడిచే గొర్రే చెప్పాలి కాబోలు.

అలా కొన్ని ఆదివారాలు ఆమె కడుపునిండా తిన్నది. మొగుడి నాలుకను చూస్తే మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు కూడా పోయి, చెప్పు కింద బంకలా ఒక రోత మిగిలింది. ఆయన తనను తిట్టినా ఆమెకు ఇంత చులకన అయ్యేవాడు కాదు. తన నోట్లో ఏముందో తనకే తెలియని మనిషి, ఊరందరి నోళ్లకూ తీర్పులు చెబుతున్నాడు.

కానీ తెలివికి కూడా ఖరీదు ఉంటుంది. ఒక ఆదివారం కుర్చీలో కూర్చుంటూనే ఆయన చీటీని ఆమె చేతిలోంచి లాగేసుకున్నాడు. వరసగా ఇన్ని వారాలు చెత్తంతా ఏరి ఏరి తెప్పించుకుందని, ఇకమీద ఇద్దరికీ కలిపి తానే ఒకటి చెబుతానని, అందులోంచే తింటే సరిపోతుందని అన్నాడు. "నీ మంచికే" అని కూడా అన్నాడు. ఒకే ప్లేటు వచ్చింది. ఆయన దాన్ని తన వైపు లాక్కుని, ఒక స్పూనుతో ముందుగా ఆమెకు అందించాడు. "చూడు."

ఆమె నమిలింది. గరిటె హోటలు దాకా వచ్చేసిందన్నమాట. ఇప్పుడు మారిపోవడానికి కూడా ఆమెకంటూ ప్లేటు లేదు. మిగిలింది ఆ మొహం ఒక్కటే. అదైనా ఇక ఈయనకు అరువివ్వకూడదని ఆ బల్ల దగ్గరే నిశ్చయించుకుంది.

ఆ వారమే ఆఫీసులో పెద్దసారు పదవీ విరమణ విందు వచ్చిపడింది. వంటకాలు ఎంచే పని బంగారు నాలుకకు కాక ఇంకెవరికి అప్పగిస్తారు? ఆయన భార్యను వెంటబెట్టుకుని హోటలుకు వెళ్లాడు. వంటమాస్టరు రెండు గిన్నెల్లో రెండు మాంసం కూరలు తెచ్చి పెట్టాడు. ఒకటి చూడటానికి సాదాగా, మట్టి రంగులో ఉంది. రెండోది ఎర్రగా నిగనిగలాడుతోంది.

ఆయన యథాప్రకారం ముందు ఆమెకు రుచి చూపించాడు. మట్టి రంగుది నాలుక మీద కరిగిపోయింది. ఎర్రది పళ్లు జివ్వుమనేంత పులుపు. రెండింటికీ ఆమె మొహంలో ఒక్క గీత కూడా కదలలేదు. తెల్ల గోడలా కూర్చుంది. అబద్ధం కూడా ఆడలేదు. అబద్ధమాడటమంటే అదీ ఆయనకు ఏదో ఇవ్వడమే.

ఆయన మొదటి గిన్నెలోంచి తిన్నాడు. రెండో దాంట్లోంచి తిన్నాడు. మళ్లీ మొదటిది. మళ్లీ ఆమె మొహంలోకి చూశాడు.

"ఎలా ఉంది?" అన్నాడు గొంతు తగ్గించి.

"నాకేం తెలుస్తుందండీ. నాకు ఎంచుకోవడం రాదు కదా."

వంటమాస్టరు మంచివాడు. ఎర్రది మా ఓనరు తమ్ముడి ప్రయోగమని, ఒకసారి తిన్నవాళ్లు మళ్లీ అడగరని మెల్లగా చెప్పి చూశాడు. అది విన్నాక బంగారు నాలుకకు పట్టు దొరికింది. పదిమందికీ ఎక్కనిది గొప్పది కాకుండా ఎలా ఉంటుంది? అందరికీ అర్థమయ్యే రుచి ఒక రుచేనా అని వంటమాస్టరుకు చిన్న పాఠం చెప్పి, ఎర్ర కూర ఖాయం చేశాడు. వంటమాస్టరు "మీ ఇష్టం సార్" అని, గిన్నెలు తీస్తూ ఆమె వైపు ఒకసారి చూశాడు. ఆమె గోడలాగే ఉంది.

విందు మధ్యాహ్నం ఆఫీసువాళ్లందరూ భార్యలతో, భర్తలతో వచ్చారు. ఎర్ర కూర వడ్డించారు. మొదటి ముద్దకు బల్లల మీద స్పూన్లు ఆగాయి. తర్వాత ఒకరు మరొకరి మొహం చూశారు. ఆ మరొకరు బంగారు నాలుక మొహం చూశారు. ఆయన తల ఊపుతూ తింటున్నాడు. అద్భుతం అన్నారెవరో. ఇలాంటి పులుపు సామాన్యులకు అందదన్నాడు ఖజానా గుమాస్తా, కళ్లలో నీళ్లతో. ఆమె తన ముందున్న రొట్టె తింటూ వాళ్లందరినీ చూసింది. ఇంతకాలం ఆ ఎదుటి కుర్చీ తన ఒక్కదానిదే అనుకుంది. ఆ హాలు నిండా అవే కుర్చీలు.

పెద్దసారు భార్య ముసలావిడ. ఆవిడ ఒక ముద్ద తిని, స్పూను కింద పెట్టి, ప్లేటును మోచేత్తో అవతలికి నెట్టింది.

"ఇదేం తిండి బాబూ? గిన్నెలు తోముకోవడానికి పనికొస్తుంది."

అంతే. హాల్లో ఉన్న స్పూన్లన్నీ ఒక్కసారిగా కింద పడ్డాయి. తనకు మొదటి ముద్దకే అనుమానం వచ్చిందన్నాడు ఖజానా గుమాస్తా. అందరికీ మొదటి ముద్దకే అనుమానం వచ్చిందట. అద్భుతం అన్నది ఎవరో మాత్రం తేలలేదు. బంగారు నాలుక కూడా స్పూను దించేశాడు. పెద్దసారు భార్య మొహం చూసి, హోటలువాళ్లు మోసం చేశారని, తాను రుచి చూసింది ఇది కాదని అన్నాడు. నిజానికి ఆ క్షణంలో అలాగే నమ్మాడు కూడా. ఆమెకు అంతకంటే రోత పుట్టించిన మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు.

ఇంటికి వచ్చేసరికి ఇద్దరికీ ఆకలి. ఆమె వంటింట్లోకి వెళ్లి దుంపలు ఉడకేసింది. ఉల్లిపాయలు వెన్నలో ఎర్రబడేదాకా నిలబడింది. ఆయన గుమ్మం దగ్గరికి వచ్చి గరిటె కోసం చూశాడు. గరిటె ఆమె చేతిలోంచి కదల్లేదు. తానే రుచి చూసుకుని, తానే ఒక చిటికెడు ఉప్పు వేసింది. అత్తగారికి కుర్చీ దగ్గరికే ఒక గిన్నెలో ఇచ్చి, రెండు గుంట ప్లేట్లలో పోసి బల్ల మీద పెట్టింది.

ఆయన ఒక స్పూను తాగాడు. ఆమె మొహంలోకి చూశాడు. ఆమె తన ప్లేటులోకి చూసుకుంటూ తాగుతోంది.

"ఎలా ఉంది?" అన్నాడు.

"మీ నోట్లోనే ఉంది కదండీ. మీరే చెప్పండి."

ఆయన ఇంకో స్పూను తాగాడు. పెదవులు చప్పరించాడు. కళ్లు మూసుకుని తెరిచాడు. చీకటి గదిలో స్విచ్చి కోసం తడుముకునేవాడిలా ఉంది ఆ మొహం. చివరికి పాత అలవాటు ప్రకారం చెయ్యి బల్ల మీదుగా వచ్చింది.

"అది ఇలా ఇవ్వు."

"రెండూ ఒక్క గిన్నెలోవే" అన్నది ఆమె, ప్లేటు అంచు మీద వేలు వేసి.

"అయినా సరే, నీది..." అని ఆగిపోయాడు. నీది ఏమిటో ఆయనకే తెలియలేదు.

"ఊరికే అడుక్కోకురా, నీది నువ్వు తాగు" అన్నది అత్తగారు కుర్చీలోంచి. "చిన్నప్పుడు కూడా అంతే అమ్మాయ్. పక్క పిల్లవాడు ఏడిస్తే గానీ వీడికి మందు చేదనిపించేది కాదు."

ఆమె ప్లేటు వదల్లేదు. చెయ్యి కాసేపు బల్ల మధ్యలో ఉండి, దానంతటదే వెనక్కి పోయింది. సూప్ ఇంకా పొగలు కక్కుతోంది. ఆమె తొందరపడలేదు. మొదటి స్పూను నుంచి చివరి స్పూను దాకా తాగి, అడుగున మిగిలిన ఉల్లిపాయను రొట్టెముక్కతో తుడిచి నోట్లో వేసుకుంది. బాగుంది. చాలా బాగుంది. ఆ సంగతి మొహంలో ఎక్కడా రాయలేదు.

ఆమె ప్లేటు కడుక్కుని వచ్చేసరికి ఆయన ఇంకా స్పూను గాల్లో పట్టుకుని కూర్చున్నాడు. ఆయన సూప్ మీద మీగడ కట్టింది.