గీతకు అందని చుక్క

సన్యాసమ్మ వేసే ముగ్గును ఎవరో దొంగిలించారు. అందులో అనుమానం లేదు.

పొద్దున హౌరా లోకల్ రైల్లో ఊపిరాడని జనం మధ్య హనుమయ్య దాన్ని కళ్ళారా చూశాడు. ముందు నిలబడ్డ బెంగాలీ ఆవిడ పైట మీద అదే మెలికల గీత, నడుమ అదే తామర, ఎడమ మూలన ఏ గీతా తాకని ఒంటి చుక్క. ఆవిడ రామరాజాతలా స్టేషన్లో దిగిపోయింది. ఆ చుక్క జనంలో ఊగుతూ పోయింది. భార్య సన్యాసమ్మ పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

వాకబు చేసి, మధ్యాహ్నానికి గడియాహాట్‌ బజారులో ఆ చీరలమ్మే కొట్టు పట్టుకున్నాడు. వెంట లక్ష్మీసౌజన్య ఉంది. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో వాళ్ళ పక్కింట్లో పుట్టి, లాయరైన పిల్ల. దుర్గాపూజల బేరంతో కొట్టు కిటకిటలాడుతోంది. చీర నాలుగు వేల రెండు వందలు. గుమ్మంలో నేల మీద కూడా అదే ముగ్గు స్టిక్కరు.

యజమానురాలు చిన్మయి తెలుగు పిల్లే, బ్యాంకు ఆఫీసరు కూతురు. ఒకప్పుడు క్వార్టర్లకొచ్చి, సన్యాసమ్మ ఇచ్చిన టీ తాగి, వాకిట్లో ముగ్గుని ఫొటో తీసుకుపోయింది.

"ఫొటో నాది అంకుల్. ముగ్గులు మన సంప్రదాయం కదా, వాటికి ఓనరెవరు?"

"బాగుంది దిదీ!" అంది సౌజన్య. "పాటకి కట్టినోడున్నాడు, కతకి రాసినోడున్నాడు. నాటకానికి, సినిమాకి, ఆఖరికి నీ ఫొటోకీ చట్టంలో హక్కుంది. వాకిట్లో ముసిల్ది గీసిన బొమ్మకి మాత్రం లేదేటి?"

"ఆవిడే కల్పించిందని రుజువేంటి?"

సౌజన్య ఒక చీర లాగి మూల చూపించింది. "ఇదిగో. సుక్కని ఇలగ ఒంటరిగా ఒగ్గేస్తే ఇంటికి అరిష్టమంటారు మన ఆడోళ్ళు. మాయమ్మ ఎన్నిసార్లు దెబ్బలాడిందో! సన్యాసమ్మ పిన్ని నవ్వీసి ఊరుకునీది. పాతోళ్ళ ముగ్గైతే ఇదెందుకుంటాది?"

చిన్మయి హనుమయ్య వైపు తిరిగింది. "ఎందుకు వదిలారు అంకుల్? ఆ కథ చెప్పండి. ఆవిడ పేరుతో ట్యాగ్ మీద వేద్దాం. కథ ఉంటే చీర ఇంకా బాగా పోతుంది."

"సెప్పీ బాబాయ్," అంది సౌజన్య. " రేపు జడ్జీ అడిగినా ఇదే అడుగుతాడు."

హనుమయ్యకు తెలుసు. లిలువా రైల్వే వర్క్‌షాప్‌లో చేరిన కొత్తలో ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టకముందే పోయింది. పేరులేని బిడ్డకు కన్నీరు పెడితే కడుపు మళ్ళీ పండదని పెద్దలు కట్టడి చేశారు. సన్యాసమ్మ ఏడవలేదు. కడుపూ పండలేదు. మైల తీరిన నాడు సొంతంగా ఈ ముగ్గేసి, ఒక చుక్క వదిలేసింది. "గీత మూసీసినానంటే పిల్లకి దారుండదు. ఆ సుక్కని నువ్వు తొక్కకు," అని మొగుడికి మాత్రం చెప్పింది.

చెబితే ముగ్గు సన్యాసమ్మదవుతుంది. పిల్ల బజారుపాలవుతుంది.

అతను లేచాడు. గుమ్మంలో జనం స్టిక్కరు మీది ఆ చుక్కను తొక్కుతూ నడుస్తున్నారు. అతని కాలు మాత్రం ఇన్నేళ్ళ అలవాటున ఎడమ మూల దగ్గర పక్కకు జరిగింది.

వెనకొస్తున్న సౌజన్య అది చూసి ఆగిపోయింది. "బాబాయ్! అక్కడ ఏటుంది?"

"ఏటీ లేదు. కేసూ వద్దు, పేరూ వద్దు. నేను సచ్చీదాకా నాకాడ దీని ఊసెత్తకు."