లాడాలు లేని దొరసాని

నా కూతురు నన్ను నా దొడ్లోంచి పొమ్మంది. పదిమందిలో పొమ్మంది. అక్కడున్నది వచ్చిన పెద్దమనిషీ, తనూ, గుర్రమూ మాత్రమేనని నా బావమరిది సరిదిద్దుతుంటాడు. పరువు పోవడానికి ఆ మాత్రం జనం చాలు.

జరిగింది ఒకసారి చెబుతాను.

నేను గుర్రాలకి లాడాలు కొట్టేవాణ్ణి. ఊరి బడిలో చదివాను. చదివింది కొంచెం, మరిచిపోయింది అంతకంటే కొంచెం. చేతులు వణకడం మొదలయ్యాక కొలిమి ఆర్పేశాను. ఆ తరవాత నా భార్య పోయింది. ఆరోజు వచ్చి ఏడ్చినవాళ్ళలో సగంమంది ఆవిడ బతికుండగా మా గుమ్మం తొక్కలేదు. వాళ్ళెవరో నాకు గుర్తుంది. చివరికి ఇంట్లో మిగిలింది నేనూ, మా అమ్మాయీ, దొరసానీ. దొరసాని నా భార్య పెంచిన ఆడగుర్రం. మనిషి లేకపోయేసరికి దాన్ని పట్టించుకునేవాళ్ళు లేక, పచ్చిక మేసి మేసి ఒళ్ళు చేసి, ముందుకాళ్ళ గిట్టలు లోపల వాచాయి. మామూలు నేల మీద కూడా నిప్పుల మీద నిలబడ్డట్టు నిలబడేది. పశువుల డాక్టరు చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

ఆ వారమే మా అమ్మాయి ఆఫీసులో ఏడాది సెలవు పెట్టింది.

"ఎందుకు?" అన్నాను.

"గుర్రాల గిట్టలు బాగుచేసే శిక్షణలో చేరాను నాన్నా."

"నన్నడిగితే నేర్పేవాణ్ణి కదా, డబ్బు దండగ."

"అది వేరు. ఇందులో లాడాలుండవు. ఉన్నవి తీసేస్తాం."

లాడాలు కొట్టేవాడి కూతురు లాడాలు పీకే చదువు చదువుతుందట. వడ్రంగి కూతురు కుర్చీలు విరగ్గొట్టడం నేర్చుకున్నట్టు. ఆ మాటే అన్నాను. అది నవ్వి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ కూడా అంతే, సమాధానం లేని చోట నవ్వేది.

ఆ చదువు పద్ధతి అమ్మాయే చెప్పింది. చివర్లో ఒక్కొక్కరూ ఒక కుంటి గుర్రాన్ని తీసుకుని బాగుచేసి చూపించాలి. పరీక్ష చేసే పెద్దమనిషి ఇంటికే వస్తాడు. గుర్రం లాడాల్లేకుండా, గిట్టలకి తొడిగే రబ్బరు బూట్లు కూడా లేకుండా కంకర మీద నడవాలి. నడిస్తే పట్టా చేతికిస్తారు. నడవకపోతే తిరిగి ఆ ఆఫీసు కుర్చీలోకే. ఆ కుర్చీ పేరెత్తితే చాలు, అమ్మాయి మొహం పులిసిన మజ్జిగ తాగినట్టయ్యేది.

"ఏ గుర్రాన్ని తీసుకుంటున్నావు?"

"దొరసానిని."

నా మౌనాన్ని ఒప్పుకోలు కింద జమకట్టింది. అది కూడా తల్లి బుద్ధే.

గిట్టల కోత నేర్చుకునేది ముందు చచ్చిన గుర్రాల కాళ్ళ మీదట. ఆ సంగతి నాకు చెప్పలేదు. పాల కోసం ఫ్రిజ్ తెరిచిన నా బావమరిది దాన్ని మూసి, కాసేపు నిలబడి, మళ్ళీ తెరిచాడు. దాణా అమ్ముకునే మనిషి, గుర్రాలు కొత్త కాదు. కానీ పెరుగు గిన్నె పక్కన ప్లాస్టిక్ సంచిలో వాటి కాలు చూడటం కొత్త.

"బావా, మిగతా గుర్రం ఎక్కడ పెట్టారు?" అన్నాడు.

"నీ మేనకోడల్నడుగు."

"అమ్మాయీ, ఇంటికి చుట్టాలొస్తే చెప్పాలి కదే. ఖాళీ చేతుల్తో వచ్చాను."

"మావయ్యా, ముట్టుకోకు. అది రేపు నేను కొయ్యాలి."

"నేనెందుకు ముట్టుకుంటానే తల్లీ. ఇకమీదట మీ ఇంట్లో పాలు కూడా ముట్టుకోను."

అన్నాడే గానీ ఆరోజు రెండు గ్లాసులు తాగాడు. వాడు మాట మీద నిలబడే రకం కాదు.

దొరసాని లాడాలు తీసిన రోజు నేను దొడ్లోనే ఉన్నాను. అవి నేను కొట్టినవి. నేను ఆఖరిగా కొట్టిన జత. మేకులు ఒక్కొక్కటీ విప్పి, పట్టకారుతో పట్టి, మెల్లిగా లాగింది. చేతివాటం బాగానే ఉంది. అది దానికి ఎవరినుంచి వచ్చిందో అందరికీ తెలుసు. గిట్ట అడుగు చూపించి, "చూడు నాన్నా, మడమ ఎలా బిగుసుకుపోయిందో. నేల తగలక కుంచించుకుపోయింది అంటుంది పంతులమ్మ," అంది.

పంతులమ్మంటే వాళ్ళకి శిక్షణ ఇచ్చే ఆవిడ. ఆవిణ్ణి నేను చూడలేదు. చూడక్కర్లేదు కూడా. ఏడాది పొడుగునా ఆవిడ మా ఇంట్లోనే ఉన్నట్టుండేది. గడ్డి నీళ్ళలో నానబెట్టి పెట్టాలి అంటుంది పంతులమ్మ. పచ్చికలో తీపి ఎక్కువ, మేపొద్దు అంటుంది పంతులమ్మ.

"దొరసానికి షుగరట బావా," అన్నాడు బావమరిది. "ఇక దాని కాఫీలో చక్కెర వెయ్యకు."

లాడాలు తీసిన గంటనుంచి నేను దొడ్లో కాలు పెట్టలేదు. అది అలగడం కాదు. నా పనికి అక్కడ చోటు లేదని చెప్పారు, నేను విన్నాను. వంటింటి కిటికీలోంచి దొడ్డి కనిపిస్తుంది. గిన్నెలు కడిగేవాణ్ణి. ఆ ఏడాది మా ఇంట్లో కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

కిటికీలోంచి కనిపించింది చెబుతాను. మొదట్లో దొరసానికి మెత్తటి అట్టలు పెట్టిన రబ్బరు బూట్లు తొడిగింది. అవి వేసుకుని అది తడి మెట్లు దిగే ముసలమ్మలా నడిచేది. అమ్మాయి కొన్నాళ్ళకోసారి ఆకురాయి పట్టుకుని గిట్ట అంచు కాస్త రాసేది. కాస్తే. నేనైతే ఇంకా తీసేవాణ్ణి. రోజూ తాడు పట్టుకుని తిప్పేది. వానలో కూడా తిప్పేది. కొత్త గిట్ట పైనుంచి దిగుతుంటే పాతదానికీ దానికీ మధ్య గీత కనిపించేది. నెలనెలా ఆ గీత కిందికి జారింది. తరవాత ఒకరోజు అమ్మాయి బూట్లు తీసేసింది. దొరసాని వాటిని వాసన చూసి, ఒకదాన్ని పళ్ళతో పట్టి నీళ్ళ తొట్టిలో పడేసింది. నేను ప్లేటు జారవిడిచాను. పగల్లేదు.

పరీక్ష రోజు వచ్చింది. అమ్మాయి పొద్దున్న ఏమీ తినలేదు. బావమరిది రెండు తట్టల కంకర తెచ్చి, దొడ్లో ముందునుంచే పరిచి ఉన్నదాని మీద పోసి సరిచేశాడు.

ఇంటికి పెద్దమనిషి వస్తుంటే ఇంటి యజమాని కనబడకపోతే బాగుండదు. అందుకని బయల్దేరాను. గుర్రం దగ్గరికి మామూలు చొక్కాతో వెళ్ళడం నాకు అలవాటు లేదు. నా తోలు ఏప్రన్ తీసి, దుమ్ము దులిపి, కట్టుకున్నాను. అది నా పనిబట్ట. అది కట్టుకోవడం తప్పని ఈరోజు వరకూ ఎవరూ రుజువు చెయ్యలేదు.

పరీక్షకుడు పొడుగాటి మనిషి, మితభాషి. దొరసాని గిట్టలు నాలుగూ ఎత్తి చూశాడు. సిమెంటు గచ్చు మీద నడిపించమన్నాడు. బాగా నడిచింది. ఇక కంకర. అమ్మాయి తాడు వదులుగా పట్టుకుని బయల్దేరింది. అప్పుడే నేను గేటు తోసుకుని లోపలికి వచ్చాను.

దొరసాని నన్ను చూసింది. ఆగింది. కుడి ముందుకాలు ఎత్తి, గాల్లో అలాగే పట్టుకుంది.

పరీక్షకుడు ముందుకు వంగాడు. "కాలు ఆనించలేకపోతోంది," అన్నాడు. "నొప్పి ఇంకా ఉన్నట్టుందమ్మా."

అమ్మాయి మొహం పాలిపోయింది. "లేదు సార్. పొద్దున్న కూడా ఇదే కంకర మీద నడిచింది."

"చూస్తున్నాను కదా."

నాకు తెలుసు. ఆ దొడ్లో నాకొక్కడికే ముందు తెలిసింది. దొరసాని పిల్లగా ఉన్నప్పుడు నేనే నేర్పాను. ఏప్రన్ కట్టుకుని ఎదురుగా నిలబడితే చాలు, అడగకుండా కాలెత్తి ఇచ్చేది. నాకు నడుం నొప్పి, వంగి లాగక్కర్లేకుండా ఉండేది. ఏడాది తరవాత నన్ను చూసి, నేను పనికి వచ్చాననుకుంది.

"అది నొప్పి కాదండీ," అన్నాను. "మర్యాద."

పరీక్షకుడు నా వంక అదోలా చూశాడు.

బావమరిది గబగబా వచ్చి, "ఏప్రన్ విప్పెయ్ బావా," అన్నాడు. విప్పాను. దొరసాని కుడికాలు దింపింది. నా మొహం చూసింది. ఎడమకాలు ఎత్తింది.

"రెండోది కూడా చూడమంటోంది," అన్నాడు బావమరిది.

అప్పుడు నా కూతురు తాడు బిగించి పట్టుకుని, నా వైపు తిరక్కుండానే అంది.

"నాన్నా, నువ్వు ఇక్కణ్ణుంచి పో."

పక్కకి జరుగు అనలేదు. కాసేపు లోపలుండు అనలేదు. పో అంది. కొత్తమనిషి ముందు, నా దొడ్లో, నా గుర్రం ఎదుట. భయపడి అంది. ఆ సంగతి నేను కాదనను. కానీ మాట మాటే.

పోయాను. దాణా గదిలోకి పోయి తలుపేసుకున్నాను. ఆ గదికి కిటికీ లేదు. బస్తా మీద కూర్చుని విన్నాను.

కుంటి గుర్రం గిట్ట ముందు అంచు ముందుగా ఆనిస్తుంది. మడమ మీద బరువు పడితే నొప్పి. ఆ చప్పుడు గీరినట్టుంటుంది, కంకర చిమ్ముతుంది. జీవితమంతా నేను విన్న చప్పుడది. బాగున్న గుర్రం మడమ ముందు పెడుతుంది. అప్పుడు కంకర చిమ్మదు, కిందికి దిగుతుంది.

కాసేపు ఏమీ వినబడలేదు. తరవాత కంకర దిగింది. మళ్ళీ దిగింది. నాలుగు కాళ్ళూ ఒకే తూకం. మలుపులో కూడా తడబడలేదు. తిరిగి వచ్చింది. "ఇంకొకసారి, కాస్త జోరుగా," అన్నాడు పరీక్షకుడు. జోరుగా కూడా అంతే. లాడం మోతలేని నడక అంత మెత్తగా ఉంటుందని నాకు తెలియదు. ఏ గిట్ట ఎప్పుడు పడుతోందో వినడానికి ఊపిరి బిగపట్టాల్సి వచ్చింది.

బావమరిది తలుపు తోశాడు. "బావా..."

"పాసయింది."

"నీకెవరు చెప్పారు?"

"చెవులు."

"ఏడుస్తున్నావా?"

"తవుడు దుమ్ము. నీ బస్తాలు సరిగ్గా కుట్టించు."

తరవాత అమ్మాయి వచ్చింది. పట్టా వస్తుందని చెప్పలేదు, నా పక్కన బస్తా మీద కూర్చుంది.

"కోపం వచ్చిందా నాన్నా?"

"వచ్చింది."

"పోతుందా?"

"పోదు."

"సరే," అని నా భుజం మీద తల పెట్టుకుంది. నేను జరగలేదు. బస్తా ఇరుకు, జరగడానికి చోటు లేదు.

"ఆయన అడిగాడు నాన్నా, అలా కాలెత్తడం ఎవరు నేర్పారని. ఇన్నేళ్ళలో అలాంటి గుర్రాన్ని చూళ్ళేదట."

"ఏం చెప్పావు?"

"నీ పేరు చెప్పాను. శిక్షణలో నేను చూసిన గుర్రాల్లో సగం కాలు తాకనివ్వవు నాన్నా. తంతాయి. గిట్ట బాగుచెయ్యడం నాకొచ్చు. వాటిని ఒప్పించడం నాకు రాదు. ఇక వ్యాను వేసుకుని ఊరూరా ఇదే పని చేస్తాను. నాతో వస్తావా?"

"పొమ్మన్నావు కదా."

"ఇప్పుడు రమ్మంటున్నాను."

వెళ్తున్నాను. దాని వ్యానులో ముందు సీటు నాది. మొండి గుర్రం దొరికితే నేను ముందు దిగి, దాంతో మాట్లాడి, కాలెత్తడం నేర్పిస్తాను. ఆకురాయి అమ్మాయిది. దాని కోత నాకు నచ్చదు, చాలా తక్కువ తీస్తుంది. ఆ మాట ప్రతి గుర్రం దగ్గరా చెబుతాను. ప్రతి గుర్రమూ బాగానే నడుస్తుంది, అది వేరే సంగతి. దోవలో అమ్మాయి వాళ్ళమ్మలాగే తప్పు శ్రుతిలో పాడుతుంది. నేను కిటికీ అద్దం దించుకుని కూర్చుంటాను. దారిన పోయేవాళ్ళు వింటే విననీ, ఎత్తను.

వ్యాను ఎక్కాను కాబట్టి క్షమించాననుకుంటున్నారు. బావమరిది ఆ సంగతి అందరికీ చెప్పుకుని తిరుగుతున్నాడు. ఎక్కడం వేరు, క్షమించడం వేరు. పో అన్నది అన్నట్టే ఉంది. ఒకసారి చెబుతానన్నాను, చెప్పాను. ఇక ఎవరడిగినా, కూతురే అడిగినా, ఈ విషయం నా నోట రాదు.