ముడి లేని కుట్టు

కోటు విప్పకుండానే గుండీ కుట్టమన్నాడు జెలిక్. చలిట, ఆఫీసుకి వేళయిందిట. నాకూ కుట్టు కార్ఖానాకి వేళయింది, కానీ నా వేళ ఎవరికి కావాలి? సూదిలో దారం ఎక్కించాను. పద్ధతి ప్రకారమైతే ముందు మొగుడి నోటికి ఒక దారప్పోగు అందించాలి. మా యూదుల్లో ఒంటిమీదున్న బట్టని కుడుతున్నంతసేపూ తొడుక్కున్నవాళ్లు దారం నములుతూ ఉంటారు. ఒంటిమీద కుట్టించుకుంటూ నోరు మెదపనిది శవం ఒక్కటే మరి.

శవాల సంగతి నాకు నేర్పింది మా అత్తగారు ఫ్రుమే. జర్మన్లు మమ్మల్ని బంధించిన ఈ గెట్టో చుట్టూ గోడ లేవకముందు నుంచీ ఊళ్లో పోయిన ఆడవాళ్లకి ఆఖరి బట్టలు కుట్టేది ఆవిడే. పెళ్లయిన కొత్తలో నన్ను పక్కన కూచోబెట్టుకుని, "ముడి వేశావంటే చేతులు విరగ్గొడతా. చచ్చినవాళ్ల బట్టకి ముడి ఉండదు. ఎప్పుడు నేర్చుకుంటావే మొద్దుమొహమా!" అనేది. నేర్చుకున్నాను. పుణ్యం ఆవిడకి, సూదిపోట్లు నాకు.

గెట్టో వచ్చాక జెలిక్, జర్మన్ల హుకుములు అమలుచేసే మా పెద్దల సంఘంలో గుమాస్తా అయ్యాడు. పోయిన నెల తిరిగిరాని రైలుకి మా వీధి నుంచి ఇంతమంది కావాలని జర్మన్లు అడిగితే జాబితా రాసింది ఇతనే. అందులో వాళ్లమ్మ పేరు కొట్టేసి నా చెల్లెలు మిర్కా పేరు రాశాడు. ఆ మాట సూప్ తాగుతూ చెప్పాడు, అదీ నా గిన్నెలోది. "ఎవరో ఒకరు ఉండాలి కదే. దానికి మొగుడా, పిల్లలా? ఏడ్చేదెవరు?" నేను లేనూ? పందొమ్మిదేళ్ల పిల్ల. రైలెక్కేముందు కూడా, "అక్కా, నా పేరు పొరపాటున పడింది, బావకి చెప్పు, సరిచేస్తాడు" అంది. అది తలుచుకుంటే నాకు ఏడుపు రాదు, ఒళ్లు మండిపోతుంది.

మర్నాటి నుంచి కార్ఖానాలో జర్మన్ సైనికుల కోట్లకి ముడి వేయడం మానేశాను. కనిపెడితే గోడకి నిలబెట్టి కాల్చేస్తారు. కాల్చనీ. రష్యా మంచులో గుండీలు ఊడిపోవాలని కొంత ఆశ. తొడుక్కున్న ప్రతివాడికీ అదే ఆఖరి బట్ట కావాలని అసలు ఆశ. ముడులు లేకపోతే పని త్వరగా తెముల్తుంది కదా, "బాషేని చూసి నేర్చుకోండే" అని మేస్త్రీ నన్ను మెచ్చుకుని అరరొట్టె ఎక్కువిచ్చాడు. అదీ జెలిక్కే తిన్నాడు. "మగాణ్ణి, బయట తిరగాలి. నీకేం, కూచుని చేసే పనేగా!"

ఇప్పుడు నోరు తెరిచి నిలబడ్డాడు. "దారం ఏదే? నేనింకా బతికే ఉన్నా" అని నవ్వాడు.

"ఒక్క గుండీకి దారమెందుకు? నోరు మూసుకుని కదలకుండా నిలబడు" అన్నాను.

పన్నెండేళ్ల కాపురంలో అతన్ని నోరు మూసుకోమనడం ఇదే మొదలు. తెల్లబోయి మూసుకున్నాడు. నేను తీరిగ్గా కుట్టాను. దారం కత్తిరించి, కోటు సర్ది, జాగ్రత్తగా వెళ్లిరమ్మని పంపాను.

తలుపు మూశాక, మూల మంచం మీంచి అంతా చూస్తున్న అత్తగారు లేచి కూచుంది. "బాషే, చివర ముడి వెయ్యలేదేమే? అది చచ్చినవాళ్ల కుట్టు కదే!"

"అవునత్తయ్యా. మీ దగ్గరే కదా నేర్చుకున్నాను."