పాకం దగ్గర మాట

పొద్దున ఆరుకంతా దొరస్వామి గానుగ మొదలవుతుంది. చెరుకురసం పెనంలో మరిగి, పాకం ముదిరే వేళకు మాత్రం అక్కడ అందరూ నోళ్లు మూసుకుంటారు. ఆ ఊరి బెల్లం అట్లాంటిది మరి. గట్టిపడే ముందు ఏ మాట చెవిన పడినా పట్టేసుకుంటుంది, తిన్నవాళ్ల నోట్లో తిరిగి వినిపిస్తుంది. పోయినేడు వరదమ్మ పెనం పక్కన నిలబడి అత్తను తిట్టింది. ఆ బెల్లంతో వండిన పొంగలి మొదట తినింది ఆ అత్తే. ఇంక చెప్పేదేముంది!

పాకం చూసేది గిరి. చుక్క పాకం నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి చూసి, దించమని చెయ్యెత్తుతాడు. అంత పనివాడికి మూడేళ్లుగా ఒక్క మాట నోరు దాటదు. దొరస్వామి కూతురు నాగవేణి అంటే వాడికి ప్రాణం. ఆ పిల్లకేమో సత్యవేడు దగ్గర కంపెనీలో ఉద్యోగం వచ్చింది. సోమవారం బస్సెక్కుతుంది.

శనివారం పాకం ముదురుతా ఉంటే, నాగవేణి బ్యాగు కొనడానికి బజారుకు పోతూ అటు దాటింది. గిరి ఉండబట్టలేకపోయినాడు.

"పోవద్దు వేణీ" అనేసినాడు.

ఆమె అప్పటికే రోడ్డెక్కింది, వినలేదు. బెల్లం వినింది.

మధ్యాహ్నం మండీ వ్యాపారి లాల్ బాషా వచ్చి, ఒక ముక్క నోట్లో వేసుకుని, గిరి వైపు చూసి నవ్వినాడు.

"ఏమప్పా గిరీ, ఈ సరుకు చిత్తూరులో యాడమ్మేది? తినాల్సిన మనిషి ఈడే ఉండాది కదా!"

పోతాపోతా, అప్పుడే బజారు నుంచి వచ్చిన నాగవేణి చేతిలో ఒక ముద్ద పెట్టినాడు. ఆమె ఒక ముక్క తినింది. ఇంకో ముక్క కూడా తినింది. చెరుకుపిప్పి కుప్ప వెనక నక్కిన గిరి, సిగ్గుతో చచ్చిపోతే బాగుండునని నిజంగానే అనుకున్నాడు. నాగవేణి మిగిలిన ముద్ద పట్టుకుని ఇంట్లోకి పోయింది.

ఆదివారం, అందరూ నోళ్లు మూసుకునే వేళకు ఆమే వచ్చింది. పెనం మీదికి వంగి ఏదో గొణిగింది. మంట చప్పుడులో ఎవరికీ వినబడలేదు. దించమని గిరి చెయ్యెత్తినాడు.

మొదటి ముక్క యజమాని తినడం ఆ గానుగ ఆనవాయితీ. ఆ ఇంట్లో పుట్టిన పిల్లకు అది తెలియంది కాదు. బెల్లం ముద్ద కట్టినాక దొరస్వామి ముక్క కొరికినాడు. నములుతా నములుతా ఆగినాడు. కూతుర్ని చూసినాడు. మిగిలిన సగం గిరి చేతిలో పెట్టినాడు.

"తినబ్బా."

గిరి నోట్లో నాగవేణి గొంతు తియ్యగా కరిగింది. "ఉద్యోగానికి పోతాను గిరీ. నువ్వు మా నాయన్ను అడుగు."

గిరి తల దించుకుని నిలబడిపోయినాడు. దొరస్వామి తుండుతో మూతి తుడుచుకున్నాడు.

"ఇంకా నోరు మూసుకోనుండావేమప్పా? పాకం దించి గంటయింది. ఇప్పుడు మాట్లాడొచ్చు."